కొర్లమ్మ భయం చెడిపోకూడదు

నమోదు 31

పొద్దున్నే నెమ్మది బిళ్ళలు పంచాను. ఇక్కడ నీళ్ళ వరసలోనూ తోపులాట ఉండదు, బిళ్ళల వరసలోనూ ఉండదు. ఆ బిళ్ళ వేసుకునేవాళ్ళు తోసుకోరు. నాలుక కింద పెట్టుకుని, నోరు తెరిచి నాకు చూపించి, మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. ముసలివాళ్ళు మాత్రం ఈ మధ్య తీపి తగ్గిందని సణుగుతున్నారు.

సహాయకుల మనసులు కూడా దెబ్బతింటున్నాయని పై ఆఫీసుకు కొత్తగా జ్ఞానోదయమైంది. అందుకని రోజూ మా మనసులో ఉన్నది ఈ లాగ్‌లో రాసుకోవాలట. ఎవరూ చదవరని హామీ ఇచ్చారు. ఎవరూ చదవనిదాన్ని ఎందుకు రాయాలో మాత్రం చెప్పలేదు. సరే, రాస్తున్నాను. నా పేరు ప్రసూన. ఉప్పుగట్టు శిబిరంలో మానసిక సహాయకురాలిని. ఇక్కడివాళ్ళు డాట్రమ్మ అంటారు, డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఎండకు కాగిపోయే ఇనప డబ్బాల్లో కాపురాలు పెట్టించినా ఈ మనుషులు ఇంత ప్రశాంతంగా ఉంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఇదీ నా మనసులో ఉన్నది.

పైడమ్మప్ప సంగతే తీసుకోండి. ఇక్కడి ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్దదిక్కు. తుపాను నాటి తెల్లవారుజామున సముద్రపు గోడ తలుపు మూసేసినప్పుడు, గోడకు అవతల ఉండిపోయిన పల్లెవాళ్ళలో ఆవిడ కొడుకులిద్దరూ ఉన్నారు. మధ్యాహ్నం చింతపండు పిసుకుతూ చెప్పింది.

"పెద్దోడు తలుపు కాడే నలిగిపోనాడమ్మా. సిన్నోడిని కెరటం అట్టుకుపోనాది. నాను సూస్తానే ఉన్నాను."

పిసికే చెయ్యి ఆగలేదు. బిళ్ళ జ్ఞాపకం జోలికి పోదు. అందులోని భయాన్ని, గుండెదడను మాత్రం తీసేస్తుంది. ఒకసారి తీసేసిందంటే ఆ సంగతి తాలూకు భయం మళ్ళీ రాదు. తలుపు మూసిన గోడ కాపలా దళం వాళ్ళే మర్నాడు పడవల్లో వచ్చి, అన్నం పొట్లాలతో పాటు ఈ బిళ్ళలు కూడా పంచారు. ఆకలి మీదున్న జనం రెండూ మింగారు.

ఒక్క కొర్లమ్మ మింగలేదు. అప్పటికి ఆమె గోడ మెట్ల సందులో స్పృహ లేకుండా ఇరుక్కుపోయి ఉంది. ఆమె దొరికేసరికి పడవలు వెళ్ళిపోయాయి. ఆ ఉదయాన్ని తలుచుకుని భయపడగలిగిన మనిషి ఇప్పుడు శిబిరం మొత్తంలో ఆమె ఒక్కతే.

నమోదు 32

లాయరు విల్సన్ గారు వచ్చారు. హక్కుల సంఘం తరఫున గోడ దళం మీద కేసు నడుపుతున్నది ఆయనే. తూకం మిషను తనే మోసుకొచ్చి, కొర్లమ్మ మణికట్టుకూ మెడకూ తీగలు తగిలించారు.

సాక్షి మాట్లాడుతున్నంతసేపూ ఒంట్లో భయం ఎంతుందో ఈ మిషను తూస్తుంది. అరవై దాటితే స్వయంగా చూసి చెప్పినట్టు, దాటకపోతే ఎవరి దగ్గరో విని చెప్పినట్టు. అదీ చట్టం. ఒకప్పుడు బాధితులు నోరు విప్పితే నటిస్తున్నారని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింత భరించలేక హక్కుల సంఘాలే పోట్లాడి ఈ మిషనును తెచ్చుకున్నాయి. ఆ రోజు మిఠాయిలు కూడా పంచుకున్నామని విల్సన్ గారు అంటుంటారు.

కొర్లమ్మకు ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మాట మొదలుపెట్టగానే ఆమె పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"నీల్లు నడుం కాడికొచ్చేసినాయి. మా ఆయన దానయ్య, పిల్లని బుజమ్మీద ఎక్కించుకున్నాడు. తలుపు ఆపుదారని నాను ముందల మెట్లెక్కినాను. పైన ఆ అదికారి నిలబడున్నాడు. నన్ను సూసినాడు. కింద జనాన్ని సూసినాడు. ఎనక్కి తిరిగి మూసెయ్ అన్నాడు. కుర్రోడొకడు, సార్ మనుసులున్నారు అన్నాడు. ఆడు మల్లీ మూసెయ్ అన్నాడు."

మిషను డెబ్బై ఎనిమిది చూపించింది. కొర్లమ్మ తీగలు పీక్కుని బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంది. విల్సన్ గారు ముందు అంకె చూసి, తరవాత ఆమెను చూశారు. ఆ వరస నేను గమనించానని ఆయనా గమనించారు.

నీటిమట్టం పెరిగితే తలుపు దానంతట అదే మూసుకుంటుందని దళం వాదన. మనిషే మూయించాడని చెప్పగలిగేది కొర్లమ్మ ఒక్కతే. ఆమె మాట నిలబడకపోతే, పోయినవాళ్ళంతా తుపానుకు పోయినట్టే.

"ప్రసూన గారూ, విచారణ అయ్యేదాకా ఆవిడకి బిళ్ళ ఇవ్వకూడదు, అది మీకు తెలుసు. మీ కౌన్సెలింగ్ కూడా వద్దండి" అన్నారాయన వెళ్ళబోతూ. "ధైర్యం చెప్పడం, పక్కన కూర్చోబెట్టుకోవడం, అలాంటివేవీ వద్దు."

"దానికేగా నన్నిక్కడ పెట్టింది?"

"తెలుసండీ. తెలిసే అడుగుతున్నాను."

తలూపాను. ఏం చెయ్యను మరి?

నమోదు 35

కొర్లమ్మ నీళ్ళ పీపాల దగ్గరికి రాలేదు. నీళ్ళు తొణికే చప్పుడు పడదు. బట్ట తడిపి తీసుకెళ్ళి ఇస్తే ఒళ్ళు తుడుచుకుంటుంది. నిద్రలో అరుస్తుంది. ఆ అరుపుకు శిబిరమంతా లేస్తుంది గానీ, బిళ్ళల పుణ్యమా అని ఎవరూ విసుక్కోరు. లేచి కూర్చుని, అరుపు అయ్యాక మళ్ళీ పడుకుంటారు.

ఇవాళ పైడమ్మప్ప నలుగురిని వెంటబెట్టుకుని నా డబ్బాకు వచ్చింది.

"దానికేటైనా సెయ్యమ్మా. సూడలేకపోతన్నాం."

"విచారణ అయ్యేదాకా ఏమీ చెయ్యకూడదప్పా. భయం తగ్గితే సాక్ష్యం చెల్లదు."

"మరైతే నువ్వెందుకు?"

అడగడంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను. సహాయకులకు బిళ్ళ ఇవ్వరు, నిర్ణయాలు మందగిస్తాయట.

నమోదు 38

ఈ వారం మూడు వింతలు జరిగాయి. ఒకటి, నీళ్ళ వరసలో ఇద్దరాడవాళ్ళు బిందెలతో కొట్టుకున్నారు. ఇక్కడ దెబ్బలాట చూసి ఎన్నాళ్ళయిందో! రెండు, మూత జారి కింద పడితే పైడమ్మప్ప కెవ్వుమంది. మూడు, నా డబ్బా వెనక తిరిగే పెట్ట వెళ్ళి పిల్లి పక్కన కూర్చుంది. పిల్లే కంగారుపడి లేచిపోయింది.

ఇసక తవ్వి చూస్తే సంగతి తెలిసింది. నాలుక కింద పెట్టుకున్న బిళ్ళలు నా డబ్బా వెనక్కి వెళ్ళి ఉమ్మేస్తున్నారు, కోడి ఏరుకు తింటోంది. ఉమ్మేస్తున్నది పైడమ్మప్ప, ఆవిడ చుట్టూ ఉండే ఆడవాళ్ళు. నిబంధన ప్రకారం నేను పై ఆఫీసుకు చెప్పాలి. చెప్పలేదు. బిందెలతో కొట్టుకునే ఆడవాళ్ళను చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఎందుకు మానేశారో అడగాలని కూడా నాకు తట్టలేదు.

నమోదు 40

కొర్లమ్మ రాత్రంతా నిద్రపోయింది. పొద్దున గంజిలో ఉప్పు చాలలేదని తిట్టింది. తలకు నూనె రాసుకుని, ఎవరిచేతో జడ వేయించుకుని ఎండలో కూర్చుంది.

అంత అందమైన మనిషని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. సంతోషమేసింది. ఆ తరవాత తూకం గుర్తొచ్చింది.

నమోదు 41

విల్సన్ గారికి నేనే కబురు పెట్టాను. తూచారు. కొర్లమ్మ కథ మొత్తం చెప్పింది, ఒక్క మాట పొల్లుపోలేదు. గొంతు వణికింది గానీ పళ్ళు కొట్టుకోలేదు. అంకె నలభై తొమ్మిది.

విల్సన్ గారు నన్ను అదోలా చూశారు. "మీరేం చేశారండీ?" అన్నారు.

"నేనేం చెయ్యలేదు."

నిజమే. నేను చేసుంటే బావుండేది, నన్ను తిట్టుకుంటే సరిపోయేది. తిన్నగా పైడమ్మప్ప దగ్గరికి వెళ్ళాను. దాచలేదావిడ. దాచాల్సిన పనని అనుకోనే లేదు.

"ఏటలో సేప పడితే ఏటి సేస్తామమ్మా? పడవకో వాటా, వలకో వాటా, లాగినోల్లకి తలో వాటా. బయమూ అంతే. మా అమ్మల కాడినుంచీ ఉన్నదే. సంద్రం మీద దడుసుకుని వొచ్చినోడిని మద్దెన కూకోబెట్టి, ఆడి కత ఆడిసేత సెప్పించుకుంటాం. మల్ల ఒక్కొక్కరం ఆ కత మనకే జరిగినట్టు సెప్పుకోవాల. నీల్లు నా నడుం కాడికొచ్చినాయి, నా మొగుడు దానయ్య, నా పిల్ల బంగారి, అలాగ. అందరం సెప్పినాక ఒకే గిన్నెలో సద్దన్నం తలో ముద్దా తినాల. ముద్ద దిగిందా, ఆ వాటా మనది."

"అందుకని బిళ్ళలు మానేశారా?"

"బిల్ల నోట్లో ఉంటే ముద్ద దిగినా బయం దిగదు కదమ్మా."

తల వంచుకుని మళ్ళీ అంది. "సొంత కొడుకుల కోసం బయపడ్డానికి నా కాడ ఏటీ మిగల్లేదు. తలుసుకుంటే ఏటీ అనిపించదు. దాని బయమైనా తిందారనిపించింది. తిన్నాక ఏడుపొచ్చింది. ఎన్నాల్లకో వొచ్చింది."

విచారణ గురించి వీళ్ళకు తెలుసు, అరవై గురించి తెలుసు. కానీ వాటా వేసినంత మాత్రాన చేప పోదు కదా అని వాళ్ళ లెక్క. ఒక్కదాని సాక్ష్యం కంటే ఇంతమంది మోసుకొచ్చే సాక్ష్యం గట్టిగా ఉంటుందనుకున్నారు. విచారణకు అందరూ కలిసి వెళ్ళాలని చీరలు కూడా ఉతికి పెట్టుకున్నారు.

నమోదు 42

పైడమ్మప్పను తూచి చూడమని నేనే అడిగాను. సొంత కొడుకుల చావు చెప్పినప్పుడు నాలుగు. కొర్లమ్మ కథ చెప్పినప్పుడు నలభై ఒకటి. విల్సన్ గారు కుర్చీలో కూలబడ్డారు.

"దళం లాయర్లకు ఇది తెలిస్తే అంతేనండీ. ఆ మెట్ల మీద లేనివాళ్ళకు నలభై ఒకటి, ఉన్నావిడకి నలభై తొమ్మిది. అందరికీ కలిపి నేర్పించారంటారు. కేసు పోతుంది."

కొర్లమ్మ గుమ్మంలో నిలబడి వింటోందని మేము చూడలేదు.

"మల్లీ ఎలా ఎక్కుద్ది బాబూ?" అంది.

విల్సన్ గారు నా వైపు చూశారు. ఎలా ఎక్కుతుందో నాకు తెలుసు. భయం దించడమే నా చదువు. మనిషిని కుదురైన చోట కూర్చోబెట్టి, ముందుగా చెప్పి, పక్కన తోడుండి, కొంచెం కొంచెంగా ఆ చప్పుడు వినిపిస్తే భయం దిగుతుంది. అదే చప్పుడు చెప్పాపెట్టకుండా, తోడు లేకుండా వినిపిస్తే ఎక్కుతుంది. నేర్చుకున్నదాన్ని తిరగేస్తే చాలు.

"నేను చెయ్యను" అన్నాను.

"డాట్రమ్మా" అంది కొర్లమ్మ. "నా పిల్ల తుపానుకి పోలేదు. ఆడు సూసి మూసినాడు. ఆ మాట సెప్పడానికి నాను బతికినాను. నిద్దరోడానికి కాదు."

"ఇంకో దారి చూద్దాం."

"ఏటుందో సెప్పు."

ఏమీ లేదు. విల్సన్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

"ఎప్పుడు సేస్తావో నాకు సెప్పకు మరి" అని కొర్లమ్మ వెళ్ళిపోయింది.

నమోదు 44

శిబిరంలో ప్రకటనలన్నీ చెవిగింజల్లోకే వస్తాయి. అందరి చెవిలోనూ ఒక గింజ ఉంటుంది. ఎవరి గింజలో ఏం మోగాలో నా బల్ల మీదనుంచి మార్చుకోవచ్చు. తుపాను సైరనూ, ఆ వెనకే ఇనప తలుపు జరిగే చప్పుడూ విల్సన్ గారు తెచ్చిచ్చారు.

నిన్న మధ్యాహ్నం కొర్లమ్మ పిల్లలకు పేలు చూస్తుండగా మోగించాను. ఆమె గింజలో మాత్రమే. కిటికీలోంచి చూశాను, చూడకుండా చెయ్యడం మరీ అన్యాయమనిపించింది. ఆమె ఒడిలోని పిల్లను విసిరేసినట్టు తోసి, నేల మీద పడి, ఇసకలో మెట్లు ఎక్కుతున్నట్టు చేతులూ కాళ్ళూ ఆడించింది. పిల్లలు ఆట అనుకుని మొదట నవ్వారు.

సాయంత్రం అన్నం నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు మళ్ళీ మోగించాను. ఇవాళ పొద్దున జడ వేయించుకుంటున్నప్పుడు ఇంకోసారి. నా మీద నాకు రోత పుట్టింది. అయినా సమయాలు మారుస్తూనే ఉన్నాను, అలవాటు పడితే పనిచెయ్యదని నాకు తెలుసు కాబట్టి. పని చేతనైనంత బాగా చేశాను.

నమోదు 46

ఆడవాళ్ళు కనిపెట్టేశారు. నా డబ్బా ముందు నిలబడ్డారు. బిళ్ళలు మానేసినవాళ్ళు కదా, ఇప్పుడు వాళ్ళకు కోపం కూడా బాగానే వస్తోంది.

"దాన్ని సంపేత్తన్నావు నువ్వు!" అని అరిచింది పైడమ్మప్ప. "మేం ముద్ద తిని దింపినాం. నువ్వు మల్లీ ఎక్కిత్తన్నావు. నీకు పిల్లల్లేరేటి?"

లేరు. చెప్పలేదు.

జనం వెనకనుంచి కొర్లమ్మ వచ్చింది. మూడు రోజుల్లో కళ్ళు లోపలికి పోయాయి. నడుస్తూ గోడల వైపు జరుగుతోంది, ఏ క్షణాన మోగుతుందోనని చెయ్యి చెవి మీదే ఉంది.

"నానే సెయ్యమన్నానప్పా. డాట్రమ్మనేటీ అనకండి."

"మా వాటాలేటైపోతాయే మరి? తిన్న ముద్ద ఎనక్కి రాదు. మాకూ ఉంది, నీకూ మల్లీ నిండిపోతంది. ఇదేటి లెక్క?"

"ఉండనీ. బంగారి కోసం అందరం బయపడదాం."

పైడమ్మప్ప చెంగు నోట్లో కుక్కుకుంది. వెళ్ళేటప్పుడు నా గుమ్మం ముందు ఉమ్మేసింది. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే పని చేసేదాన్ని.

నమోదు 50

విచారణ. గోడకు ఇవతల, చల్లటి హాల్లో. దళం అధికారి ముందు మాట్లాడాడు. ఉతికిన చొక్కా, నెమ్మదైన గొంతు. తలుపు దానంతట అదే మూసుకుందన్నాడు. అతని తూకం మూడు. దళం వాళ్ళకూ బిళ్ళలిస్తారు, డ్యూటీలో భాగంగా. నిందితుడికి అరవై నిబంధన వర్తించదట. భయం లేకపోవడమే నిజాయితీకి గుర్తని వాళ్ళ లాయరు అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కొర్లమ్మను పిలిచారు. ఆమె నడవలేకపోతే నేనూ విల్సన్ గారూ చెరో రెక్కా పట్టుకున్నాం. అతన్ని చూడగానే ఆమె కాళ్ళ కింద తడి కనిపించింది. చెప్పాల్సిందంతా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఊపిరి ఆడక ఆగింది, మళ్ళీ అందుకుంది. "మూసెయ్" అన్న మాట దగ్గర ఆమె గొంతు ఆమెది కాదు, అచ్చం ఆ అధికారి గొంతే. అతను ఒక్కసారి తలెత్తి చూశాడు.

ఎనభై మూడు.

విల్సన్ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

నమోదు 53

గెలిచాం. తలుపు మనిషి ఆజ్ఞ మీదే మూశారని న్యాయపీఠం నమ్మింది. చెవిగింజల్లో తీర్పు చదివారు. శిబిరంలో చాలామంది "మంచిదే" అని పనుల్లో పడ్డారు. బిళ్ళ మానేసిన ఆడవాళ్ళు మాత్రం ఒకరి మీద ఒకరు పడి గుండెలు బాదుకుని ఏడ్చారు. పోయినవాళ్ళ పేర్లు పెట్టి పిలిచారు. నేనూ వాళ్ళ పక్కన నేల మీద కూర్చున్నాను. పైడమ్మప్ప నన్ను లెమ్మనలేదు.

నమోదు 54

దళం వాళ్ళు పై పీఠానికి అప్పీలుకు వెళ్ళారు. అక్కడ విచారణ మొదటినుంచీ జరుగుతుంది. సాక్షిని మళ్ళీ తూస్తారు. తేదీ ఇంకా వెయ్యలేదు. వచ్చే ఏడు కావచ్చు, ఆ పై ఏడు కావచ్చునని విల్సన్ గారు గొణిగారు. ఆయన నాతో మాట్లాడుతున్నంతసేపూ కిటికీ వైపే చూశారు.

నా పేరు మీద ఆజ్ఞ వచ్చింది. తుది విచారణ దాకా సాక్షి భయం చెడిపోకుండా కాపాడవలసిన బాధ్యత శిబిరం మానసిక సహాయకురాలిదట. నెలనెలా తూచి పంపాలట.

ఉద్యోగం మానేస్తానని విల్సన్ గారితో అన్నాను.

"మీరు మానేస్తే దళం తరఫు మనిషిని వేస్తారండీ. ఆ మనిషి కొర్లమ్మకు మొదటి రోజే బిళ్ళ ఇస్తాడు."

మానలేదు.

నమోదు 61

మధ్యాహ్నం పైడమ్మప్ప సద్దన్నం గిన్నెతో వచ్చింది. వెనక మిగతా ఆడవాళ్ళు. కొర్లమ్మ డబ్బా ముందు గుండ్రంగా కూర్చున్నారు. నన్ను పొమ్మనలేదు, రమ్మననూ లేదు. దూరంగా నిలబడ్డాను.

"తలుపు తియ్యే. గెలిసేసినావు కదా. ఇంక సాలు. వొచ్చి మద్దెన కూకో."

లోపలినుంచి గడియ వేసిన చప్పుడైంది.

"వొద్దప్పా. ముద్ద తిన్నారంటే ఆడు తప్పించుకుంటాడు."

"ఎన్నాల్లుంటావే అలాగ?"

"తెల్దు."

"పోనీ నానొక్కదాన్నే తింటాను. ఒక్క ముద్ద. అంకె ఎంత తగ్గుద్ది?"

కొర్లమ్మ లోపలినుంచి ఏడవడం వినిపించింది గానీ గడియ తియ్యలేదు. వాళ్ళు ఎండ దిగేదాకా కూర్చున్నారు. అన్నం పాడైపోయింది. పైడమ్మప్ప దాన్ని కోడికి వెయ్యకుండా గొయ్యి తీసి పూడ్చింది. నేను వెళ్ళి ఆపి, కొర్లమ్మను ఎత్తుకొచ్చి ఆ గుండ్రం మధ్యలో కూర్చోబెట్టాలనిపించింది. వెళ్ళలేదు. కేసు పోతే కొర్లమ్మ నన్ను క్షమించదు, కేసు నిలిస్తే నన్ను నేను క్షమించుకోను. రెండిట్లో రెండోది ఎంచుకున్నాను.

నమోదు 79

పొద్దున కొర్లమ్మే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. చేతులకు పిండి అంటుకుని ఉంది.

"డాట్రమ్మా, ఇప్పుడు మోగించినావు కదా?"

"అవును."

"నాను పిండి కలుపుతానే ఉన్నాను. మోగుతంది అనుకున్నాను, కలుపుతానే ఉన్నాను!"

తూచాను. యాభై ఏడు. ఎన్ని వేళలు మార్చినా, ఎన్ని విధాలుగా మోగించినా ఇది జరుగుతుందని నాకు ముందునుంచీ తెలుసు. ఒళ్ళు ఎంత పెద్ద చప్పుడుకైనా చివరికి అలవాటు పడుతుంది. నా వృత్తిలో దీన్నే కోలుకోవడం అంటారు. ఇంకెవరి విషయంలోనైనా ఈ అంకె చూసి పండగ చేసుకునేదాన్ని.

"నాకు నయమైపోతందేటి?" అంది కొర్లమ్మ. మొహం పాలిపోయింది. "నయమైపోతే ఎలాగమ్మా?"

ఆమె కాసేపు పిండి చేతులకేసి చూసుకుంది.

"లాయరుబాబు మొన్న నీకేటో ఇచ్చినాడంట. నా పిల్ల గొంతుందంట కదా అందులో."

ఉంది. గోడకు కట్టిన నీటిమట్టం పరికరంలో శబ్దం కూడా ఎక్కుతుంది. దళం వాళ్ళు పై పీఠానికి ఇచ్చిన ఆధారాల్లో అది బయటపడింది. ఆజ్ఞ ఇచ్చిన మాట అందులో లేదు, గోడ అవతలి గొంతులు మాత్రం ఉన్నాయి. విని ఎవరి గొంతులో గుర్తుపట్టించమని విల్సన్ గారు నాకిచ్చారు. దానయ్య "బంగారీ, నన్ను గట్టిగట్టుకో" అనడం తెలుస్తుంది. ఆ తరవాత ఒక చిన్నపిల్ల. నేను ఒకసారి విని పక్కన పెట్టేశాను. కొర్లమ్మకు వినిపించకూడదనుకున్నాను.

"అదెట్టు" అంది.

"వద్దు కొర్లమ్మా. అది విన్నాక మళ్ళీ విననట్టు చెయ్యలేం."

"దాని గొంతు ఇనాలని నాకుండదేటి? ఎట్టమ్మా. తీగలు కూడా తగిలించు. అంకె సూడాల కదా."

తగిలించాను. పెట్టాను.

నీళ్ళ హోరు. ఇనప తలుపు మీద ఎవరో బాదుతున్న చప్పుడు. దానయ్య గొంతు. ఆ తరవాత బంగారి, ఏడుస్తూ కాదు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"అమ్మా, సెప్పులు పోనాయే. కొట్టకే."

అంతే ఉంది. ఆ పైన హోరే.

కొర్లమ్మ నోరు తెరిచింది. నా బల్ల మీదున్న ఆ చిన్న పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, "కొట్టనే... కొట్టనమ్మా... నాను కొట్టనే" అంటూనే ఉంది. ఒళ్ళంతా అదిరిపోతోంది. నేను వెళ్ళి వాటేసుకోబోయాను. ఆమె మోచేత్తో నన్ను నెట్టేసింది. ధైర్యం చెప్పకూడదని ఆమెకు గుర్తుంది, నాకే లేదు.

మిషను తొంభై ఒకటి చూపించింది.

మధ్యాహ్నానికి కొంచెం తేరుకుంది. పిండి ఎండిపోయిన చేతులతోనే మొహం తుడుచుకుంది. అంకె చెప్పమంది, చెప్పాను. తలూపింది.

"ఇదెన్నాల్లొస్తాది డాట్రమ్మా?"

"కొన్నాళ్ళు వస్తుంది" అన్నాను.

ఆమె లేచి వెళ్ళింది. నేను చెప్పంది ఏమిటంటే, సైరనుకు అలవాటు పడ్డట్టే దీనికీ పడుతుంది. నెలనెలా వినిపిస్తూ పోతే ఒక రోజు కూతురి గొంతు వింటూ కూడా ఆమె పిండి కలుపుకుంటుంది. ఇంతకంటే పెద్దది నా దగ్గర ఏమీ లేదు. పై పీఠం తేదీ ఇంకా వెయ్యలేదు.